బెరాలో స్పందన లేని 14 నెలల పాపకు కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాలా, జన్యు చికిత్స కోసం ఆగాలా?

మీ పాపకు ఇప్పుడు 14 నెలలు. పుట్టిన మూడో రోజున ఆసుపత్రిలో చేసిన ఓ.ఏ.ఈ. పరీక్షలో రెండు చెవులూ పాసయ్యాయి. పిలిస్తే తిరిగి చూడడం లేదని అనుమానం వచ్చి, గత నెలలో చిత్తూరు నుంచి తిరుపతికి తీసుకువచ్చి బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు కాండం ఇచ్చే స్పందనను కొలిచే పరీక్ష) చేయిస్తే, 90 డెసిబెల్స్ వద్ద కూడా రెండు వైపులా స్పందన లేదని రిపోర్టు ఇచ్చారు. గంగమ్మ జాతరలో డప్పులు మోగినప్పుడు పాప ఉలిక్కిపడింది కనుక వినికిడి ఉందని మీ అమ్మగారు అంటున్నారు. మీకు కూడా మూడేళ్లు నిండాకే మాటలు వచ్చాయి కనుక కొన్నాళ్లు ఆగి చూద్దామన్నది ఆవిడ మాట. మీది మేనరికపు పెళ్లి. చైనాలో ఒక్క ఇంజెక్షనుతో పిల్లలకు వినికిడి తెప్పించారన్న వార్త మీరు చూశారు. అందుకని, చెవి వెనుక ఎముక తొలిచి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోని నరానికి విద్యుత్తుతో శబ్దం అందించే పరికరం) పెట్టించాలా, ఆ ఇంజెక్షను మన దేశానికి వచ్చేదాకా ఆగాలా అని అడిగారు.

ఆగవద్దన్నదే నా సమాధానం. తిరుపతిలో చాలా ఏళ్లుగా వినికిడి లోపమున్న పిల్లలను పరీక్షిస్తూ, ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలకు మ్యాపింగ్ (పరికరం ఇచ్చే విద్యుత్తును ఒక్కో బిడ్డకు తగినట్టు సరిదిద్దడం) చేస్తూ వస్తున్న ఆడియాలజిస్టుగా ఈ మాట చెబుతున్నాను. అయితే ఓ.ఏ.ఈ. పాసై బెరాలో స్పందన లేకపోవడం నా దగ్గరకు వచ్చే ఎక్కువ మంది పిల్లల్లో కనిపించే తీరు కాదు. దాని సంగతి తేల్చుకున్నాకే ఆపరేషనుకు తేదీ తీసుకోవాలి. ఆ తేల్చుకునే పని నెలల తరబడి సాగదు, సాగనివ్వకూడదు.

ముందుగా డప్పుల విషయం. డప్పు మోత చెవికి వినిపించడమే కాదు, నేలలోనూ పొట్టలోనూ ఛాతీలోనూ అదురుగా తెలుస్తుంది. పూర్తిగా వినికిడి లేని పిల్లలు కూడా ఆ అదురుకు ఉలిక్కిపడతారు. ఇంట్లో పెద్దవాళ్లు పళ్లెం మీద గరిటెతో కొట్టి, తలుపు దబాలున వేసి చేసే పరీక్షల్లోనూ ఇదే జరుగుతుంది. పైగా పిల్లలు కంటి చివరి నుంచి కదలికను, నీడను పట్టి తిరుగుతారు. మాట వినడానికి కావలసిన వినికిడి వేరు. మీ అమ్మగారు చూసినది నిజమే, పాప ఉలిక్కిపడే ఉంటుంది. కానీ దాని ఆధారంగా పాపకు మాట వినిపిస్తోందని అనుకోవడానికి వీల్లేదు. మీకు మాటలు ఆలస్యంగా వచ్చిన సంగతి కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అప్పట్లో మీరు పిలిస్తే పలికేవారా లేదా అన్నదే అసలు తేడా. మాట ఆలస్యమైనా చెప్పింది అర్థం చేసుకునే బిడ్డ వేరు, పిలుపే అందని బిడ్డ వేరు.

ఇక రెండు పరీక్షల మధ్య వైరుధ్యం. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని కర్ణావర్తం అంటారు. అందులో రెండు రకాల రోమకణాలు ఉంటాయి. బయటి వరుసల్లో సుమారు 12,000, లోపలి వరుసలో సుమారు 3,500. బయటి కణాలు ధ్వనిని పెంచి పదును పెడతాయి. లోపలి కణాలు దాన్ని నరానికి అందిస్తాయి. బయటి కణాలు ఆ పని చేస్తున్నప్పుడు వాటి నుంచి అతి సన్నని ధ్వని తిరిగి బయటికి వస్తుందని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనిపెట్టారు. ఓ.ఏ.ఈ. యంత్రం వినేది ఆ ధ్వనినే. అంటే ఆ పరీక్ష బయటి కణాల వరకే సాక్ష్యం చెబుతుంది. లోపలి కణాలు నరానికి సంకేతం పంపుతున్నాయా, నరం దాన్ని మెదడుకు చేరుస్తోందా అన్నది దానికి తెలియదు. బెరా ఆ తర్వాతి దారిని మెదడు కాండం వరకు పరీక్షిస్తుంది. కనుక రెండు పరీక్షలూ నిజమే చెప్పి ఉండవచ్చు. బయటి కణాలు బాగున్నాయి, సంకేతం మాత్రం మెదడుకు సక్రమంగా చేరడం లేదు. ఈ స్థితిని ఆడిటరీ న్యూరోపతి అంటారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే కామెర్లు బాగా ముదరడం, ఊపిరి అందకపోవడం, నరమే సన్నగా ఉండడం లేదా లేకపోవడం, కొన్ని జన్యువుల లోపం దీనికి కారణాలు. మీరు పాప పుట్టుక గురించి ఏమీ రాయలేదు. పసిపిల్లల ఐ.సి.యు.లో ఉంచారా, కామెర్లకు లైటు కింద పెట్టారా, రక్తం మార్చారా అన్న వివరాలు డిశ్చార్జి కాగితంలో ఉంటాయి. దాన్ని వెతికి తీయండి.

రెండో అవకాశం కూడా ఉంది. పుట్టినప్పుడు వినికిడి ఉండి, తర్వాతి నెలల్లో పోయి ఉండవచ్చు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్), గర్భంలో సోకిన సైటోమెగలో వైరస్, క్రమంగా ముదిరే జన్యు లోపాలు అలా చేస్తాయి. మధ్యలో పాపకు తీవ్రమైన జ్వరం, ఫిట్స్, మెదడు వాపుకు చికిత్స జరిగి ఉంటే ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పాలి, ఎందుకంటే మెనింజైటిస్ తర్వాత కాక్లియా లోపల ఎముక పెరిగి పూడిపోవచ్చు. అలాంటి బిడ్డకు ఇంప్లాంట్ వారాల లెక్కన తొందర పడాల్సిన పని.

అందుకని ఇప్పుడు చేయించవలసినవి ఇవి. ఓ.ఏ.ఈ. మళ్లీ చేయించండి, దానితో పాటు మధ్య చెవిని చూసే ఇంపెడెన్స్ పరీక్ష కూడా, ఎందుకంటే జలుబుతో మధ్య చెవిలో నీరు చేరితే ఓ.ఏ.ఈ. రాదు. బెరా చేసిన చోట అసలు గ్రాఫులు అడిగి తీసుకోండి. క్లిక్ ధ్వనిని రెండు వ్యతిరేక ధ్రువాలతో విడివిడిగా ఇచ్చి రికార్డు చేస్తే, కాక్లియా నుంచి వచ్చే సంకేతం ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఆడిటరీ న్యూరోపతిలో బెరా స్పందన లేనంత మాత్రాన వినికిడి ఏ మేరకు ఉందో చెప్పలేము. కొందరు పిల్లలకు బెరా సున్నా అయినా శబ్దాలు ఓ మోస్తరుగా వినిపిస్తాయి. కనుక బొమ్మ వెలిగించి, శబ్దానికి తల తిప్పడం నేర్పి చేసే పరీక్ష ఈ వయసులో తప్పనిసరి. దానికి ఓపిక కావాలి, ఒక్కసారి కూర్చుంటే కాదు. తర్వాత ఎం.ఆర్.ఐ., సి.టి. స్కాన్లు. నరం ఉందా లేదా అన్నది ఎం.ఆర్.ఐ. చెబుతుంది. నరమే లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ వల్ల ప్రయోజనం ఉండదు. అప్పుడు దారి వేరు. ఈ పరీక్షలన్నీ జరుగుతుండగానే రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టించండి. అవి చాలకపోవచ్చు, కానీ చాలడం లేదని తేలడం కూడా ఇంప్లాంట్ నిర్ణయానికి అవసరమైన ఆధారమే.

జన్యువుల గురించి వివరంగా చెప్పాలి, మీ ఆశ దాని మీదే ఉంది కనుక. మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి ఒకే దెబ్బతిన్న జన్యువు అందే అవకాశం ఎక్కువ. ఇద్దరికీ ఒక్కో మంచి ప్రతి ఉండడం వల్ల వారికి వినికిడి బాగుంటుంది. రెండు దెబ్బతిన్న ప్రతులూ చేరిన బిడ్డకు ఉండదు. ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగింట ఒకటి. ఇందులో తల్లి తప్పూ లేదు, తండ్రి తప్పూ లేదు. ఇలాంటి ఇళ్లలో కోడలి వైపు వేలు చూపడం నేను చాలాసార్లు చూశాను కనుక ఈ మాట గట్టిగా రాస్తున్నాను. పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యే జన్యువు జి.జె.బి.2. దీని పాత్ర 1997లో బయటపడింది. మన దేశంలోని కుటుంబాల్లో దీని డబ్ల్యు24ఎక్స్ అనే మార్పు తరచుగా కనిపిస్తుంది. కానీ ఈ జన్యువు దెబ్బతిన్న పిల్లలు సాధారణంగా పుట్టినప్పుడే ఓ.ఏ.ఈ.లో ఆగిపోతారు. మీ పాప ఆగలేదు. ఓ.ఏ.ఈ. పాసై బెరా లేని బిడ్డలో ముందుగా గుర్తుకు రావలసిన జన్యువు ఓటాఫ్. లోపలి రోమకణం తన సంకేతాన్ని నరానికి వదలడానికి ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేయించేది ఈ జన్యువే.

మీరు చూసిన వార్త ఈ ఒక్క జన్యువుకు సంబంధించినది. ఓటాఫ్ జన్యువు, దాన్ని మోసుకెళ్లే ఏ.ఏ.వి. అనే నిరపాయకర వైరస్‌లో పట్టనంత పెద్దది. అందుకని శాస్త్రవేత్తలు జన్యువును రెండు ముక్కలు చేసి, రెండు వైరస్‌లలో పెట్టి కాక్లియాలోకి ఎక్కిస్తారు. కణం లోపల ఆ రెండూ కలిసి పూర్తి ప్రొటీన్ తయారవుతుంది. షాంఘైలోని ఫూడాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకు ఒక చెవికి ఈ చికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో ల్యాన్సెట్ పత్రిక ప్రచురించింది. అదే ఏడాది ఐదుగురు పిల్లలకు రెండు చెవులకూ చేసిన ఫలితాలు నేచర్ మెడిసిన్‌లో వచ్చాయి. ఇది నిజమైన విజయం. నా వృత్తిలో ఇలాంటిది చూస్తానని నేను అనుకోలేదు. అయితే ఇలాంటి మందు ఒక్కో జన్యువుకు ఒక్కోటి తయారుచేయాలి; జి.జె.బి.2 వంటి ఇతర జన్యువుల లోపాలకు ఈ ఇంజెక్షను పనిచేయదు. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో ఓటాఫ్ వాటా చిన్నది.

కనుక పాపకు ఈ వారమే రక్తం ఇచ్చి వినికిడి జన్యువుల ప్యానెల్ పరీక్షకు పంపండి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో స్కాన్లు, చెవి మిషన్ల ప్రయత్నం, టీకాలు పూర్తవుతాయి; సమయం వృథా కాదు. ఓటాఫ్ కాదని తేలితే జన్యు చికిత్స ఆలోచన పక్కన పెట్టి రెండు చెవులకూ ఇంప్లాంట్ గురించి మాట్లాడవచ్చు. ఓటాఫ్ అని తేలితే, ముందుగా మీరు తెలుసుకోవలసినది ఆ పిల్లలు కాక్లియర్ ఇంప్లాంట్‌తో చాలా బాగా రాణిస్తారన్న విషయం, ఎందుకంటే వారి నరం ఆరోగ్యంగా ఉంటుంది, లోపం నరానికి ముందే ఉంది. అప్పుడు ఒక చెవికి ఇంప్లాంట్ పెట్టించి, రెండో చెవిని చికిత్స ప్రయోగాల కోసం తాకకుండా ఉంచడం ఒక దారి. దీనికీ ఒక మూల్యం ఉంది. టొరంటోలో కరెన్ గార్డన్ బృందం చేసిన పరిశోధనల్లో, ఒక చెవి మాత్రమే ఏడాదిన్నరకు మించి వింటూ ఉంటే మెదడు ఆ చెవి వైపే ఒరిగిపోతుందని, ఆ తర్వాత రెండో చెవికి పెట్టినా ఆ పక్షపాతం పూర్తిగా పోదని తేలింది. రెండో చెవిని తాకకుండా ఉంచే నిర్ణయం కూడా గడువు పెట్టుకుని తీసుకోవలసినదే. రెండు చెవులనూ ఖాళీగా ఉంచి, ఎప్పుడు వస్తుందో తెలియని మందు కోసం ఆగడం మాత్రం నేను ఏ తల్లిదండ్రులకూ చెప్పను.

ఎందుకు ఆగకూడదో చూడాలి. వినికిడికి సంబంధించిన పరిశోధనలన్నిటిలో నాకు అతి ముఖ్యంగా తోచేది ఇదే. కాక్లియా పుట్టుకకు ముందే పూర్తిగా తయారై ఉంటుంది; మెదడులోని శ్రవణ ప్రాంతం మాత్రం విన్న శబ్దాల వల్లనే తయారవుతుంది. అను శర్మ, మైఖేల్ డోర్మన్ 2002లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లల తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, శబ్దం వినగానే మెదడు పైపొరలో పుట్టే పి1 అనే తరంగం ఎంత ఆలస్యంగా వస్తుందో కొలిచారు. మూడున్నరేళ్ల లోపు ఇంప్లాంట్ అందిన పిల్లల్లో ఆ తరంగం ఆరు నుంచి ఎనిమిది నెలల్లోనే వారి వయసు పిల్లల స్థాయికి వచ్చేసింది. ఏడేళ్ల తర్వాత అందిన వారిలో ఎన్నేళ్లు వాడినా సాధారణ స్థాయికి రాలేదు. మూడున్నర, ఏడేళ్ల మధ్య అందిన వారిలో కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. శబ్దం అందని శ్రవణ ప్రాంతం ఖాళీగా కూర్చోదు. చూపు, స్పర్శ వంటి ఇతర పనులు ఆ చోటును ఆక్రమిస్తాయి. పదేళ్ల వయసులో మంచి పరికరం పెట్టించుకుని, శబ్దం వినిపిస్తున్నా మాట అర్థం కావడం లేదని నా ఎదుట కూర్చున్న పిల్లలను చూసినప్పుడల్లా ఈ గ్రాఫులే గుర్తొస్తాయి.

మూడున్నరేళ్లు అనగానే ఇంకా రెండేళ్లు ఉన్నాయని అనుకోవద్దు. అది మెదడు తరంగం సంగతి. భాష అంతకన్నా తొందర పడుతుంది. అమెరికాలోని ఆరు కేంద్రాల్లో ఐదేళ్ల లోపు ఇంప్లాంట్ అందిన 188 మంది పిల్లలను మూడేళ్ల పాటు గమనించి, జాన్ నిపార్కో బృందం 2010లో జామా పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఎంత చిన్న వయసులో పెడితే మాటను అర్థం చేసుకోవడం, మాట్లాడడం అంత నిటారుగా పెరిగాయి. ఆపరేషను నాటికి మిగిలి ఉన్న వినికిడి, కుటుంబపు ఆర్థిక స్థితి కూడా ప్రభావం చూపాయి. వీటన్నిటితో పాటు, తల్లిదండ్రులు బిడ్డతో ఎలా మాట్లాడతారు, బిడ్డ చూపును, ఆసక్తిని ఎంతగా అనుసరిస్తారు అన్నది విడిగా లెక్కకు వచ్చింది. ఇది నేను తల్లులకు మళ్లీ మళ్లీ చెప్పే విషయం, ఎందుకంటే ఆదాయం, మిగిలిన వినికిడి మీ చేతుల్లో లేవు. ఇది పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది. అమెరికాలో ఇంప్లాంట్‌కు కనీస వయసు 1990లో రెండేళ్లుగా మొదలై, 2000లో ఒక ఏడాదికి, 2020లో తొమ్మిది నెలలకు దిగింది. 14 నెలల వయసు అంటే మీరు ఆలస్యం చేయలేదు. కానీ తీరిక కూడా లేదు.

ఈ పరికరం ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది, ఆశ కూడా సరైన మోతాదులో ఉంటుంది. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ ధ్వనిని గ్రహించి, పౌనఃపున్యాల వారీగా విడదీసి, తల మీద అయస్కాంతంతో అంటుకునే కాయిల్ ద్వారా చర్మం అవతలికి పంపుతుంది. లోపలి భాగంలో బ్యాటరీ ఉండదు. దానికి కావలసిన శక్తి కూడా ఆ కాయిల్ నుంచే అందుతుంది. కాక్లియాలో చొప్పించిన సన్నని తీగ మీద, కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కాక్లియా మొదట్లో కీచు స్వరాలు, చివరి చుట్టులో బొంగురు స్వరాలు వినిపించే ఏర్పాటు ప్రకృతిలోనే ఉంది కనుక, ఏ ఎలక్ట్రోడ్ ఎక్కడ నరాన్ని తాకితే ఆ స్వరం తోస్తుంది. పారిస్‌లో 1957లో జూర్నో, ఐరిస్ అనే ఇద్దరు మొదటిసారి నరానికి విద్యుత్తు అందించి శబ్దం వినిపించారు. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ 1978లో అనేక ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్ పెట్టారు. మెలికలు తిరిగిన కాక్లియాలోకి తీగ ఎలా దూర్చాలో ఆయనకు చాలా కాలం అంతుబట్టలేదు; సముద్రపు ఒడ్డున దొరికిన గవ్వలోకి గడ్డిపోచను జొనిపి చూసి, మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉండాలని గ్రహించారు. బ్లేక్ విల్సన్ 1991లో వివరించిన సంకేత విధానంతో, అంతకుముందు పెదవుల కదలిక చూస్తే తప్ప అర్థం కాని మాట, చాలా మందికి చూడకుండానే అర్థం కాసాగింది. క్లార్క్, విల్సన్, వియన్నాలో మరో ఇంప్లాంట్ రూపొందించిన ఇంగెబోర్గ్ హోఖ్‌మైర్ కలిసి 2013లో లాస్కర్ పురస్కారం అందుకున్నారు.

వేల రోమకణాల పనిని ఇరవై ఎలక్ట్రోడ్లు ఎలా చేస్తాయని మీరు అడగవచ్చు. మాటను కేవలం నాలుగు పౌనఃపున్య పట్టీలకు కుదించి వినిపించినా, నిశ్శబ్దమైన గదిలో మామూలు వినికిడి ఉన్నవారు చాలావరకు అర్థం చేసుకోగలరని రాబర్ట్ షానన్ బృందం 1995లో చూపింది. అంటే మాటకు కావలసిన సమాచారం తక్కువే. కానీ గోల ఉన్నచోట, సంగీతంలో చాలా ఎక్కువ కావాలి. విద్యుత్తు కాక్లియాలోని ద్రవంలో పాకిపోతుంది కనుక, పెట్టిన ఎలక్ట్రోడ్లు ఎన్ని ఉన్నా విడివిడిగా పనికివచ్చేవి ఎనిమిది వరకే అని పరిశోధనలు చెబుతాయి. మన భాషకు ఇది ఎలా వర్తిస్తుందో నా అనుభవం నుంచి చెబుతాను. ఇంప్లాంట్ కాలపు తేడాలను బాగా అందిస్తుంది. కనుక పడు, పాడు మధ్య దీర్ఘాన్ని, గద, గద్ద మధ్య ఒత్తును పిల్లలు త్వరగా పట్టుకుంటారు. నాలుక ఎక్కడ తాకిందన్న తేడా స్వరాల సూక్ష్మ విభజన మీద ఆధారపడుతుంది కనుక పాత, పాట మధ్య, స, శ, ష ల మధ్య చాలా కాలం తడబడతారు. పాప పాటను పాత అంటే కంగారుపడవద్దు, ఆ పదాన్ని సరిగా వాడుతూ మీరే మళ్లీ మళ్లీ వినిపించండి.

ఆపరేషను గురించి. తొలిచేది చెవి వెనుక ఉబ్బుగా తగిలే మాస్టాయిడ్ ఎముకను, మెదడును తాకరు. మత్తు ఇచ్చి చేసే ఈ శస్త్రచికిత్సకు సాధారణంగా రెండు మూడు గంటలు పడుతుంది. ముఖాన్ని కదిలించే నరం ఆ దారిలోనే ఉంటుంది కనుక దాన్ని పసిగట్టే మానిటర్ వాడతారా అని సర్జన్‌ను అడగండి, అది అడగదగిన ప్రశ్నే. ఇన్ఫెక్షన్, కొన్నాళ్లు తల తిరగడం, కొద్దిమందిలో పరికరం చెడి మళ్లీ ఆపరేషను చేయవలసి రావడం ఉన్నాయి. ఇంప్లాంట్ ఉన్నవారికి మెనింజైటిస్ ముప్పు కొంచెం ఎక్కువ; అందుకని న్యూమోకోకల్ టీకా ఆపరేషనుకు ముందే పూర్తవ్వాలి. పాప టీకాల కార్డు ఏ.ఎన్.ఎం. గారికి చూపించి ఏవైనా మిగిలాయేమో కనుక్కోండి. భవిష్యత్తులో ఏ కారణానికి ఎం.ఆర్.ఐ. చేయవలసి వచ్చినా లోపల అయస్కాంతం ఉందని ముందే చెప్పాలి.

ఆపరేషను అయిన రెండు నుంచి నాలుగు వారాలకు స్విచ్ ఆన్ చేస్తాము. ఆ రోజు పాప నవ్వుతుందని ఎదురుచూడకండి. చాలా మంది పిల్లలు ఏడుస్తారు, కొందరు ఏమీ ఎరగనట్టు ఉంటారు. రెండూ మామూలే. ఆ రోజు నుంచి పాప వినికిడి వయసు సున్నా. 16 నెలలకు స్విచ్ ఆన్ అయితే, రెండున్నరేళ్ల నాడు ఆమె వినికిడి వయసు 14 నెలలు. పక్కింటి రెండున్నరేళ్ల పిల్లతో పోల్చి నిరాశపడడం అన్యాయం. మొదటి నెలల్లో మ్యాపింగ్‌కు తరచుగా రావాలి, ప్రతి ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్తు వినిపిస్తుంది, ఎంతకు ఇబ్బంది అవుతుంది అన్నది పాప ముఖం చూసి సరిదిద్దుకుంటూ పోతాము. ప్రాసెసర్ రోజుకు ఎన్ని గంటలు తల మీద ఉందో యంత్రమే నమోదు చేస్తుంది. నిద్ర, స్నానం తప్ప మిగతా వేళంతా ఉండాలి. పొద్దున్నే పెట్టగానే ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులను నోరు కనబడకుండా పలికి పాప గమనిస్తోందో లేదో చూడండి. మాటలోని బొంగురు నుంచి కీచు వరకు అన్ని స్వరాలూ వీటిలో వస్తాయి కనుక డేనియల్ లింగ్ ఈ చిన్న పరీక్షను రూపొందించారు. ఏదైనా ధ్వని అందడం లేదంటే కాయిల్ తీగో, మ్యాపో చూడాలి.

థెరపీ అంటే వారానికి ఒకటి రెండు గంటలు గదిలో జరిగేది కాదు. ఆ గంటలో థెరపిస్టు నేర్పేది ప్రధానంగా మీకు, మీ భార్యకు, మీ అమ్మగారికి. మిగతా వారమంతా ఇంట్లో జరగాలి. సంగటి కెలికేటప్పుడు, బట్టలు ఆరవేసేటప్పుడు, చెట్టు నుంచి రాలిన మామిడికాయలు ఏరేటప్పుడు, పాపకు చేయి చాచితే అందేంత దగ్గరగా కూర్చుని ఏం చేస్తున్నారో పూర్తి వాక్యాల్లో చెప్పండి. దూరం రెట్టింపయ్యే కొద్దీ మాట బలం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. టీవీ కట్టేయండి. ముందు పిలిచి, వినిపించి, పాప తిరిగాకే వస్తువు చూపించండి. మీ అమ్మగారికి కబుర్లు, కథలు, జోలపాటలు చెప్పే ఓపిక ఉంటే, ఏ కేంద్రమూ ఇవ్వలేనంత సాయం ఆవిడే చేయగలరు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రవణం కేంద్రం ఐదేళ్ల లోపు పిల్లలకు తల్లితో పాటు శిక్షణ ఇవ్వడానికే ఏర్పడింది. అక్కడికి వెళ్లి మాట్లాడండి.

చిత్తూరు వారు ఎక్కువగా అడిగే ప్రశ్న మరొకటి ఉంది. మీకు తిరుపతి కన్నా వేలూరు దగ్గర. అక్కడ థెరపీ తమిళంలో జరిగితే, ఇంట్లో తెలుగు ఆపి తమిళమే మాట్లాడాలా అని అడుగుతారు; ఉర్దూ ఇళ్ల వారూ ఇదే అడుగుతారు. ఆపనవసరం లేదు. చిన్న వయసులో ఇంప్లాంట్ అందిన పిల్లలు రెండు భాషలు నేర్చుకోగలరు. మొదటి భాషగా మీకు బాగా వచ్చిన, మీరు రోజంతా తడుముకోకుండా మాట్లాడగల భాషనే ఇవ్వండి. థెరపిస్టు చూపిన పద్ధతిని తెలుగులోకి మార్చుకోవడం కష్టం కాదు. సైగల గురించి కూడా భయపడవద్దు. స్విచ్ ఆన్ అయ్యే వరకు పాపకు ఆకలి, దాహం, అమ్మ, కావాలి, వద్దు అని చెప్పుకునే మార్గం ఏదో ఒకటి ఉండాలి. సైగలు వాడితే మాట రాదన్న మాటకు గట్టి ఆధారం లేదు. పరిశోధకుల మధ్య వాదన జరుగుతున్నది ఇంప్లాంట్ తర్వాత ఎంత మేరకు కొనసాగించాలన్న దాని మీద. ఒకవేళ స్కాన్‌లో నరం లేదని తేలితే, భారతీయ సంకేత భాషను వెంటనే, మనస్ఫూర్తిగా మొదలుపెట్టడమే పాపకు భాష అందించే సరైన దారి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, పాప వయసుకు ఈ ఆపరేషను వర్తిస్తుందా, ఒక చెవికా రెండు చెవులకా అని కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకం కింద పుట్టుకతో వినికిడి లేని ఐదేళ్ల లోపు పిల్లలకు ఇంప్లాంట్ ఇస్తారు. ఆ దరఖాస్తులను ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ చూస్తుంది. రెండింటికీ ఆదాయ ధ్రువపత్రం, సదరం సర్టిఫికెట్ అడగవచ్చు కనుక సదరం స్లాట్ ఇప్పుడే బుక్ చేసుకోండి. పథకం ఒక చెవికే వర్తిస్తే రెండో చెవికి మిషను కొనసాగించాలి.

పథకాలు ఆపరేషను వరకు ఆదుకుంటాయి. కాయిల్, తీగలు, బ్యాటరీలు వారంటీ తీరాక మీ ఖర్చే, కొన్నేళ్లకు ప్రాసెసర్ కూడా మార్చాలి. తీగ తెగి, కొనడానికి డబ్బు లేక నెలల తరబడి ప్రాసెసర్‌ను బీరువాలో పెట్టిన ఇళ్లు ఉన్నాయి, ఆ నెలల్లో బిడ్డకు ఏమీ వినిపించదు. నెలకు కొంత చొప్పున ఈ పనికే విడిగా దాచడం ఇప్పుడే మొదలుపెట్టండి. మన ఎండాకాలపు చెమటకు రాత్రిపూట ప్రాసెసర్‌ను సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. కంపెనీ ప్రతినిధి కలిసినప్పుడు కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులు తీసుకోండి. వారంటీ ఎన్నేళ్లు, కాయిల్ ధర ఎంత, రిపేరుకు పంపినప్పుడు పాపకు వేరే ప్రాసెసర్ ఇస్తారా, మ్యాపింగ్ తిరుపతిలోనే దొరుకుతుందా లేక ప్రతిసారీ చెన్నై వెళ్లాలా అన్నవి తేలాకే పరికరం ఏదో నిర్ణయించుకోండి.